కళ్ళు మూసుకుని చూడడం

ఒక ఊళ్ళో గ్రంథాలయం హాల్లో మెదడు గురించి మాట్లాడి కిందికి దిగుతుంటే, అరవై దాటిన ఒకావిడ మెట్ల దగ్గర నా కోసం నిలబడి ఉన్నారు. అందరి ముందూ అడగడానికి మొహమాటపడ్డారట.

"మా వారు పోయి మూడేళ్ళయింది బాబూ. ఆయన్ని తలుచుకుందామని కళ్ళు మూసుకుంటే ముఖం నిలబడడం లేదు. మీసం అనుకుంటే మీసం, కళ్ళజోడు అనుకుంటే కళ్ళజోడు, అంతే. మొత్తం ముఖం రాదు. కానీ మొన్న బస్టాండులో ఎవరో ఆయనలాగే చేతులు వెనక్కి కట్టుకుని నడుస్తుంటే, ఆ వీపు చూసి నా గుండె ఆగినంత పనయింది. నలభయ్యేళ్ళు కాపురం చేసిన మనిషి ముఖం మరిచిపోయానంటే, నాకేమైనా జబ్బు చేసిందంటారా?"

జబ్బేమీ కాదని వెంటనే చెప్పాను. ఎందుకు కాదో చెప్పాలంటే ఆ మెట్ల మీద సమయం చాలదు. అందుకే ఈ అధ్యాయం.

ఆవిడ అడిగినదాంట్లో మూడు ప్రశ్నలున్నాయి. కంటితో చూడడం, కళ్ళు మూసుకుని 'చూడడం' మెదడుకు ఒకే పనా? ఒకే పనైతే, వీపు చూసి గుర్తుపట్టిన మనిషికి ముఖం ఎందుకు రాదు? అసలు ఏది బయటిదో, ఏది మన తలలోదో మెదడు ఎలా తేల్చుకుంటుంది?

మన భాష ఈ రెండింటినీ ఎప్పుడో కలిపేసింది. బాగా వర్ణిస్తే 'కళ్ళకు కట్టినట్టు చెప్పాడు' అంటాం. దూరమైన మనిషి 'కళ్ళల్లో మెదులుతున్నాడు' అంటాం. మెదిలేది తలలోనని తెలుసు, అయినా కళ్ళ పేరే చెబుతాం. ఇలా మనసులో మెదిలే దృశ్యాన్ని ఇంగ్లీషులో మెంటల్ ఇమేజ్ అంటారు. నేను ఇక్కడ 'ఊహాచిత్రం' అంటాను. మామూలు మాటల్లో మనసులో బొమ్మ.

ముందు ఒక చిన్న పని చేయండి. చార్మినార్‌ను తలుచుకోండి. వచ్చిందా? నాలుగు మినార్లు, మధ్యలో కమాను, చుట్టూ జనం. ఇప్పుడు చెప్పండి, మీ చార్మినార్‌కు గడియారం ఉందా? 1889లో నాలుగు వైపులా నాలుగు గడియారాలు అమర్చారు. నేనడిగే దాకా మీ బొమ్మలో గడియారం లేకపోయి ఉంటే, లేదన్న సంగతి మీకు తెలిసిందా? అడిగాక చప్పున వచ్చి కూర్చుందా? సరే, ఒక్కో మినారుకు ఎన్ని అంతస్తుల బాల్కనీలున్నాయో మీ బొమ్మ చూసి లెక్కపెట్టండి.

ఇలాంటి పరీక్షనే ఫ్రెంచి తత్వవేత్త అలాన్ పెట్టేవాడు. పారిస్‌లోని పాంథియాన్ భవనం మనసులో స్పష్టంగా కనబడుతోంది అనేవాళ్ళను, 'అయితే ముందున్న స్తంభాలు లెక్కపెట్టు' అనేవాడు. చాలామంది చేతులెత్తేసేవారు. ఫొటోలో అయితే ఎవరైనా లెక్కపెడతారు. ఊహాచిత్రంలో మనం పెట్టినవే ఉంటాయి. పెట్టనిచోట ఖాళీ కూడా కనబడదు.

బొమ్మను తిప్పడానికి ఎంతసేపు?

మనసులో బొమ్మలున్నాయా లేవా అన్నది శాస్త్రవేత్తలను చాలాకాలం ఇబ్బంది పెట్టిన ప్రశ్న. ఇంకొకరి తలలోకి తొంగిచూడలేం కదా. 20వ శతాబ్దం తొలి సగంలో అమెరికా మనస్తత్వశాస్త్రాన్ని ఏలిన ప్రవర్తనవాదులు, బయటికి కనబడని దాని గురించి మాట్లాడడం శాస్త్రం కాదని ఆ తలుపు మూసేశారు.

దాన్ని మళ్ళీ తెరిచింది ఒక గడియారం. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో రోజర్ షెపర్డ్‌కు ఒక ఉదయం, నిద్రకూ మెలకువకూ మధ్య, గాలిలో మెల్లగా తిరుగుతున్న వస్తువులు కనిపించాయట. లేచాక ఆయనకొక ఆలోచన తట్టింది. మనసులో బొమ్మ నిజంగా తిరుగుతుంటే, ఎక్కువ తిప్పడానికి ఎక్కువసేపు పట్టాలి. సేపును కొలవగలం కదా! జాక్వెలిన్ మెట్జ్‌లర్‌తో కలిసి ఎనిమిది మందికి 1600 జతల బొమ్మలు చూపించాడు. ఘనాలు పేర్చి కట్టిన వంకర ఆకారాలవి. జతలోని రెండూ ఒకటేనా, కాదా చెప్పాలి. రెండూ ఒకే వైపు తిరిగి ఉంటే జవాబుకు సెకను సరిపోయింది. ఒకటి పూర్తిగా తలకిందులై ఉంటే నాలుగైదు సెకన్లు పట్టింది. మధ్యలో కోణం పెరిగే కొద్దీ సమయం పెరుగుతూ పోయింది, తాడు లాగి పట్టినంత తిన్నగా. 1971లో ఆ ఫలితం అచ్చయ్యింది.

ఏడేళ్ళకు స్టీఫెన్ కాస్లిన్ ఇంకో పరీక్ష చేశాడు. ఒక ఊహాద్వీపం పటం గీసి, అందులో గుడిసె, చెట్టు, బండరాయి, బావి, చెరువు, ఇసుక, గడ్డి పెట్టి, మనుషుల చేత కంఠతా పట్టించాడు. తర్వాత పటం తీసేసి, గుడిసె దగ్గర మనసు నిలిపి అక్కణ్ణించి బావి దాకా వెళ్ళమన్నాడు. పటంలో దూరంగా ఉన్నవాటికి ఎక్కువసేపు పట్టింది, దగ్గరున్నవాటికి తక్కువ. లేని పటం మీద, లేని దూరం నడవడానికి ఉన్న సమయం ఖర్చయింది.

జెనన్ పిలిషిన్ దీనికి ఒప్పుకోలేదు. దూరం నడవడానికి ఎక్కువసేపు పడుతుందని మనుషులకు ముందే తెలుసు, అందుకే తెలియకుండానే అలా నటిస్తారు, తలలో ఉన్నది బొమ్మ కాదు, 'గుడిసెకు తూర్పున బావి' లాంటి మాటల జాబితా అని వాదించాడు. ఆ వాదం దశాబ్దాలు నడిచింది. నాకు పిలిషిన్ మీద గౌరవం ఉంది. ఆయన అంత గట్టిగా అడ్డుపడకపోతే, మెదడు లోపల ఏం జరుగుతోందో కొలిచి చూడాలన్న పట్టుదల అవతలివాళ్ళకు వచ్చేది కాదు.

చుక్కలు ముందా, ముగ్గు ముందా?

మెదడులోకి వెళ్ళే ముందు వాకిట్లోకి వెళదాం.

పక్కింటి వాకిట్లో వేసిన ముగ్గు చూస్తున్నారు. నేల మీద చుక్కలున్నాయి, వాటి చుట్టూ గీతలున్నాయి. కన్ను వాటిని అందుకుంటుంది, గీతలు కలిసి రేకులవుతాయి, రేకులు కలిసి పద్మమవుతాయి. 'ఓహో, తామరపువ్వు ముగ్గు' అంటారు. చుక్కల నుంచి పేరు దాకా వెళ్ళారు. ఇక రేపు పొద్దున మీ వాకిట్లో మీరే వేయాలి. ఇప్పుడు పేరు ముందు వస్తుంది. 'తామరపువ్వు వేద్దాం' అనుకుంటారు, ఎన్ని చుక్కలు, ఎన్ని వరసలు అని చెయ్యి వెతుక్కుంటుంది. పేరు నుంచి చుక్కల దాకా దిగుతారు. ముగ్గు ఒకటే, ప్రయాణమే ఎదురుబొదురు.

చూపు మెదడులో మొదటి దారిన నడుస్తుంది. కంటి వెనక పొర మీద పడిన వెలుతురు నరాల గుండా తల వెనక భాగానికి చేరుతుంది. పడుకుంటే దిండుకు ఆనుకునే చోటు అది. అక్కడ తొలి చూపు కేంద్రం ఉంది. అందులోని కణాలకు ముఖాలూ తెలియవు, ముగ్గులూ తెలియవు. ఇక్కడో ఏటవాలు గీత, అక్కడో అంచు, అంతవరకే. అక్కణ్ణించి కబురు ముందుకు సాగే కొద్దీ ఆకారం, రంగు, కదలిక తేలతాయి. ఇంకా ముందుకు, చెవుల వెనక అడుగుభాగాన, ముఖాలకు బాగా స్పందించే ఒక ప్రాంతం, ఇళ్ళూ వీధుల్లాంటి చోట్లకు స్పందించే మరో ప్రాంతం ఉన్నాయి. ఆపైన జ్ఞాపకం, పేరు, అనుబంధం.

చూపు ఇలా అంతస్తు అంతస్తుగా ఎక్కే మేడను ఊహ పై నుంచి కిందికి దిగుతుంది. 2000లో ఓక్రేవెన్, కాన్విషర్ అనే ఇద్దరు పరిశోధకులు మనుషులను స్కానర్‌లో పడుకోబెట్టి, కళ్ళు మూసుకుని తెలిసిన ముఖాలనూ తెలిసిన చోట్లనూ తలుచుకోమన్నారు. ముఖం తలుచుకున్నప్పుడు ముఖాల ప్రాంతం, భవనం తలుచుకున్నప్పుడు చోట్ల ప్రాంతం చురుగ్గా పనిచేశాయి. మనిషి నోరు విప్పక ముందే, ఏది తలుచుకున్నాడో స్కాన్ చూసి చాలావరకు సరిగ్గా చెప్పగలిగారు. అదే ఏడాది ఇంకొక బృందం, మూర్ఛ శస్త్రచికిత్స కోసం మెదడులో సన్నని తీగలు అమర్చిన రోగుల సాయంతో ఒక్కొక్క కణం మాట విన్నది. ఒక బొమ్మ చూపిస్తే మోగిన కణం, బొమ్మ తీసేసి దాన్ని తలుచుకోమంటే కూడా మోగింది.

దిగుతూ దిగుతూ ఊహ అడుగు అంతస్తు దాకా చేరుతుందా? చాలాసార్లు చేరుతుంది. కాస్లిన్ 1995లో, కళ్ళు మూసుకున్నవాళ్ళను వస్తువులను చిన్నవిగా, పెద్దవిగా ఊహించమంటే, తొలి చూపు కేంద్రంలో చురుకైన చోటు కూడా ఆ పరిమాణాన్ని బట్టి జరిగింది. అయితే అక్కడికి చేరేసరికి వివరం పలచబడుతుంది. 2020లో థామస్ నసెలారిస్ బృందం కొలిచి చూస్తే, తొలి కేంద్రంలో ఊహ వేసే ముద్ర చూపు వేసే ముద్ర కంటే ముతకగా, అలుక్కుపోయినట్టుగా ఉంది. తడి నేల మీద ముగ్గుపిండి విదిల్చినట్టు.

గ్రంథాలయం మెట్ల మీద ఆవిడ అడిగిన చిక్కు ఇక్కడ విడుతుంది. బస్టాండులో ఆవిడ చేసింది ముగ్గును చదవడం. ఒక వీపు, ఒక నడక, కట్టుకున్న రెండు చేతులు, నాలుగు చుక్కలు దొరికితే చాలు, నలభయ్యేళ్ళ జ్ఞాపకం మిగతాది పూరించేస్తుంది. ఇంట్లో కళ్ళు మూసుకుని చేస్తున్నది ముగ్గు వేయడం. ప్రతి చుక్కా లోపలి నుంచే రావాలి. చదవగలిగిన ప్రతిదాన్నీ వేయలేం. లివర్‌పూల్ విశ్వవిద్యాలయంలో రెబెకా లాసన్ సైకిలు గీయమని చాలామందిని అడిగింది. సైకిలెక్కడం బాగా తెలిసినవాళ్ళు కూడా కొందరు చెయిను ముందు చక్రానికీ వెనక చక్రానికీ కలిపి గీశారు. అలాంటి సైకిలు మలుపు తిరగలేదు! అలాగని వాళ్ళెవరూ సైకిలును చూసి గుర్తుపట్టకుండా పోరు.

ముఖంతో ఇంకో కష్టం ఉంది. నలభయ్యేళ్ళలో ఆ ముఖం ఒక్కటి కాదు. పెళ్ళినాటి ముఖం, జ్వరంలో ముఖం, కోపంలో, నిద్రలో, ఎండలో నుంచి లోపలికి వచ్చినప్పుడు. 'ఆయన ముఖం' అన్న ఒక్క పేరు పిలిస్తే వెయ్యి ముఖాలు ఒకేసారి పలుకుతాయి. ఒక్కసారి చూసిన అపరిచితుడి ముఖం కొన్నిసార్లు చప్పున రావడం, కన్నతల్లి ముఖం తడబడడం ఇందుకేనని నేననుకుంటాను.

పేరు ముందు రావడం వల్ల ఊహకు ఒక పరిమితి కూడా ఉంది. బాతులాగానూ కుందేలులాగానూ కనబడే బొమ్మ ఒకటుంది. ముక్కు అనుకున్నది చెవులవుతుంది. 1985లో చేంబర్స్, రీస్‌బర్గ్ ఆ బొమ్మను కొద్దిసేపు చూపించి దాచేశారు. బాతుగా చూసినవాళ్ళను మనసులోని బొమ్మలో కుందేలును వెతకమన్నారు. ఒక్కరికీ దొరకలేదు. సరే, గుర్తున్నది కాగితం మీద గీయండి అన్నారు. గీశారు. తాము గీసిన గీతలను తామే కళ్ళతో చూడగానే అందరికీ కుందేలు కనబడింది. మనసులో ఉన్నప్పుడు అది గీతలు కాదు, బాతు.

మిలన్ నగరంలో సగం కూడలి

చూపూ ఊహా ఒకే మేడ వాడుకుంటాయనడానికి నన్ను అన్నిటికంటే ఎక్కువగా కదిలించిన సాక్ష్యం స్కానర్ నుంచి వచ్చింది కాదు, ఇటలీలో ఇద్దరు రోగుల నుంచి వచ్చింది.

మెదడు కుడిభాగానికి దెబ్బ తగిలిన కొందరికి ఎడమవైపు లోకం మీద ధ్యాసే పోతుంది. కళ్ళు బాగానే ఉంటాయి. కానీ కంచంలో కుడివైపు అన్నం తిని, ఎడమవైపు అన్నం అలాగే వదిలేసి, ఇంకొంచెం పెట్టమంటారు. సగం గడ్డమే గీసుకుంటారు. ఎడమ లేదన్న లోటు వాళ్ళకు తెలియదు. మీ చార్మినార్‌లో గడియారం లేదన్న సంగతి మీకు తెలియనట్టే.

మిలన్‌లో ఎడోర్డో బిసియాక్, క్లాడియో లుజాటీ 1978లో ప్రచురించిన పరీక్ష చాలా సులువైనది. ఆ ఊరివాళ్ళందరికీ కొట్టినపిండి లాంటి చోటు పెద్ద చర్చి ముందున్న కూడలి, పియాజ్జా దెల్ డుయోమో. రోగులను చర్చికి ఎదురుగా, కూడలి అవతలి కొసన నిలబడినట్టు ఊహించుకుని, కనబడేవి చెప్పమన్నారు. వాళ్ళు కుడివైపు భవనాలు, దుకాణాలు చెప్పారు. ఎడమవైపువి దాదాపు వదిలేశారు. ఇప్పుడు కూడలి దాటి చర్చి గుమ్మంలో నిలబడి ఇటు చూస్తున్నట్టు ఊహించుకోమన్నారు. ఎడమ కుడి అయింది, కుడి ఎడమ అయింది. ఇందాక నోటికి రాని భవనాల పేర్లన్నీ వరసగా వచ్చాయి. ఇందాక చెప్పినవి మాయమయ్యాయి.

ఆ రోగులు ఎక్కడికీ వెళ్ళలేదు. కుర్చీలోనే ఉన్నారు. జ్ఞాపకంలో కూడలి మొత్తం ఉంది, లేకపోతే రెండోసారి ఆ పేర్లు ఎక్కడి నుంచి వస్తాయి? ఉన్న కూడలిని మనసులో పరిచినప్పుడు ఎడమ సగం మీద మాత్రం చూపు పడలేదు. ఊహకు కూడా ఎడమ కుడి ఉన్నాయి, నిలబడే చోటు ఉంది.

ఇంతవరకు చదివి, ఊహ అంటే మసకబారిన చూపే కదా అనుకుంటే తొందరపడ్డట్టే. 1988లో పరుగుకు వెళ్ళినప్పుడు కారు ఢీకొని మెదడు దెబ్బతిన్న ఒక చరిత్ర విద్యార్థి ఉన్నాడు. పరిశోధన పత్రాల్లో అతని పేరు సి.కె. కళ్ళెదుట పెట్టిన వస్తువు ఏమిటో గుర్తుపట్టలేకపోయేవాడు. అదే వస్తువును ఊహించుకుని చక్కగా వర్ణించేవాడు, జ్ఞాపకం నుంచి అందంగా గీసేవాడు. కొన్నాళ్ళ తర్వాత అతను గీసిన బొమ్మనే చూపిస్తే, అదేమిటో చెప్పలేకపోయాడు. ఎక్కే మెట్లు విరిగాయి, దిగే మెట్లు మిగిలాయి. మేడ ఒకటే అయినా మెట్ల వరసలు రెండని అతని వల్ల తెలిసింది.

గోదావరి గేజీ

ఒకే మేడలో రెండూ జరుగుతుంటే, కలగాపులగం ఎందుకు కావు? పెరుగన్నం తింటూ బిర్యానీ తలుచుకుంటే, కంచంలో బిర్యానీ ఉందని ఎందుకు అనుకోం?

కొన్నిసార్లు అనుకుంటాం. 1910లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన పర్కీ అనే పరిశోధకురాలు, మనుషులను ఒక గరుకు గాజు పలక ముందు కూర్చోబెట్టి, దాని మీద అరటిపండునో నిమ్మకాయనో ఊహించుకోమంది. వాళ్ళకు తెలియకుండా పలక వెనక నుంచి నిజమైన అరటిపండు బొమ్మను, ఉందా లేదా అన్నంత పలచగా మొదలుపెట్టి, మెల్లమెల్లగా వెలుతురు పెంచుతూ వేసింది. దాదాపు అందరూ అది తమ ఊహేనని నమ్మారు. పడుకున్న పండును తలుచుకుంటే నిలువుగా ఉన్న పండు వచ్చిందేమిటని ఆశ్చర్యపోయినవాళ్ళున్నారు తప్ప, అది బయటిదేమోనన్న అనుమానం రాలేదు.

శతాబ్దం తర్వాత లండన్‌లో నదీన్ డైక్‌స్ట్రా దీన్ని కొత్తగా పరీక్షించింది. 600 మందికి పైగా పాల్గొన్న ఆ ప్రయోగం 2023లో అచ్చయింది. రేణువులు చెదిరినట్టుండే తెర మీద ఏటవాలు గీతలను ఊహించుకోవాలి. కొందరికి నిజంగానే పలచని గీతలు వేశారు. ఊహించిన గీత, వేసిన గీత ఒకే వాలులో ఉన్నప్పుడు గీత ఎక్కువ స్పష్టంగా అనిపించింది. అసలేమీ వేయనప్పుడు కూడా, ఊహ బాగా గట్టిగా వచ్చినవాళ్ళు 'తెర మీద గీత ఉంది' అని చెప్పే అవకాశం పెరిగింది. లోపలిదీ బయటిదీ మెదడులో వేర్వేరు పాత్రల్లో లేవు, కలిసిపోతున్నాయి.

దీన్ని అర్థం చేసుకోవడానికి భద్రాచలం వంతెన దగ్గరికి వెళ్ళాలి. అక్కడ గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. గేజీకి తెలిసింది నీటిమట్టమే. ఆ నీరు ప్రాణహిత తెచ్చిందా, ఇంద్రావతి తెచ్చిందా అని అది అడగదు. మట్టం గీత దాటిందా, లేదా? అంతే. డైక్‌స్ట్రా చెప్పేది మెదడులో కూడా అలాంటి గీత ఉందని. కంటి నుంచి వచ్చిన కబురు, ఊహ నుంచి దిగిన కబురు ఒకే నదిలో కలుస్తాయి. మట్టం గీత దాటితే 'నిజం', దాటకపోతే 'తలపు'. మామూలుగా కంటి వరద ముందు ఊహ పిల్లకాలువ, కాబట్టి పొరపాటు జరగదు. బిర్యానీ తలపు ఎంత ఘాటైనా గీత దాకా రాదు. చీకటిగా ఉండి, చూపు కబురు పలచబడి, భయంతో ఊహ ఉరకలేసినప్పుడు మాత్రం, తాడు పాముగా కనబడే ప్రమాదం ఉంది. 2025లో ఆమె బృందం ఈ మట్టానికి సరిపడే చోటును మెదడు అడుగున, కణత లోపలి ఒక మడతలో చూసింది. ముందువైపున్న మరో ప్రాంతం ఆ మట్టాన్ని చదివి, నిజమా కాదా అన్న తీర్పు ఇస్తున్నట్టు కనబడింది.

ఇక్కడ ఒక మాట తప్పకుండా చెప్పాలి, ఎందుకంటే ఇది తెలియక ఇళ్ళల్లో పెద్దవాళ్ళు నలిగిపోతున్నారు. శుక్లాల వల్లనో, కంటి పొర దెబ్బతినడం వల్లనో చూపు బాగా తగ్గిన కొందరికి లేని మనుషులు, పిల్లలు, పువ్వుల తీగలు, గోడల మీద అల్లికలు స్పష్టంగా కనబడతాయి. స్విట్జర్లాండుకు చెందిన షార్ల్ బొనే 1760లో తన తాతగారి అనుభవం ఇలాంటిదే రాశాడు. శుక్లాలతో చూపు పోయిన ఆ పెద్దాయనకు మనుషులు, పక్షులు, బళ్ళు, భవనాలు కనబడేవి. అవి నిజం కావని ఆయనకు తెలుసు, బుద్ధి నిక్షేపంలా ఉంది. నది ఎండినా చూపు కేంద్రం ఊరుకోదు, సొంతంగా ఊటలు పుట్టిస్తుంది. ఇంట్లో అమ్మమ్మ 'గుమ్మంలో ఎవరో పిల్లలు నిలబడ్డార్రా' అంటే, గాలి సోకిందనో మతి పోయిందనో అనే ముందు కంటి డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళండి. చాలామంది పిచ్చి అంటారని భయపడి ఎవరికీ చెప్పకుండా దాచుకుంటారు.

కలిమిలేములు

ఈ అధ్యాయం చదువుతూ, 'ఏం బొమ్మ? చార్మినార్ తలుచుకోమంటే నాకు ఏమీ కనబడలేదే' అనుకున్నవాళ్ళు మీలో కొందరు తప్పకుండా ఉంటారు. వాళ్ళ కోసమే ఈ చివరి భాగం.

1880లో ఫ్రాన్సిస్ గాల్టన్ తనకు తెలిసినవాళ్ళకు ఒక ప్రశ్నావళి ఇచ్చాడు. ఈ పొద్దున మీరు కూర్చున్న టిఫిను బల్లను తలుచుకోండి, వెలుతురెంత, అంచులెంత స్పష్టం, రంగులెలా ఉన్నాయి? ముందుగా శాస్త్రవేత్తలను అడిగాడు. వాళ్ళలో చాలామంది, మనసులో బొమ్మ కనబడడమేమిటి, అది మాట వరసకు అనేదే కదా అన్నారు. మామూలు జనాన్ని అడిగితే, ఎందుకు కనబడదు, రంగులతో సహా కనబడుతుంది అన్నారు. ఇరుపక్షాలూ అవతలివాళ్ళు అబద్ధం చెబుతున్నారనుకునేంత తేడా.

ఆ తర్వాత నూరేళ్ళకు పైగా ఈ తేడాను పట్టించుకున్నవాళ్ళు తక్కువ. 2010లో ఆడమ్ జీమన్ అనే నరాల వైద్యుడు, భవనాల సర్వేయరుగా పనిచేసి రిటైరైన 65 ఏళ్ళ మనిషి గురించి రాశాడు. రాత్రి నిద్రపట్టే ముందు తన పిల్లల ముఖాలను, తాను చూసిన భవనాలను తలుచుకోవడం ఆయనకు అలవాటు. గుండె రక్తనాళానికి చికిత్స జరిగాక, ఒకరోజు ఆ బొమ్మలు రావడం మానేశాయి. తెర నల్లగా ఉండిపోయింది. అయినా ఆయన జ్ఞాపకశక్తి తగ్గలేదు. గడ్డి పచ్చ లేతదా, దేవదారు పచ్చ లేతదా అంటే సరిగ్గా చెప్పేవాడు. షెపర్డ్ ఆకారాల పరీక్షలో కూడా నెగ్గాడు, అయితే ఆయన సమయాలు మాత్రం కోణాన్ని బట్టి పెరగలేదు. ఆయన ఇంకేదో దారిన జవాబు చేరుతున్నాడు.

ఆ కథ ఒక పత్రికలో రాగానే, 'నాకు పుట్టినప్పటి నుంచీ ఇంతే' అంటూ జీమన్‌కు ఉత్తరాలు వచ్చాయి. 2015లో అలాంటి 21 మంది గురించి రాస్తూ ఆయన ఈ స్థితికి అఫాంటాసియా అని పేరు పెట్టాడు. దీన్ని 'బొమ్మలేమి' అందాం. దీనికి అవతలి కొసన, తలుచుకున్నది చూసినంత స్పష్టంగా వచ్చేవాళ్ళున్నారు. అది 'బొమ్మకలిమి'. రెండు కొసల్లోనూ ఉన్నవాళ్ళు నూటికి కొద్దిమందే, మిగతా అందరం మధ్యలో ఎక్కడో ఉన్నాం.

వాళ్ళు చెప్పేది నమ్మడం ఎలా అని పిలిషిన్ ఉంటే అడిగేవాడు. కంటిపాప చెబుతుంది. 2014లో ఓస్లో పరిశోధకులు గమనించింది ఏమిటంటే, ఎండను ఊహించుకుంటే కంటిపాప కొద్దిగా ముడుచుకుంటుంది, చీకటి గదిని ఊహించుకుంటే విచ్చుకుంటుంది, బయటి వెలుతురు మారకపోయినా. కావాలని నటించడం ఎవరివల్లా అయ్యే పని కాదు. 2022లో ఆస్ట్రేలియాలో జోయెల్ పియర్సన్ బృందం బొమ్మలేమి ఉన్నవాళ్ళను పరీక్షిస్తే, నిజమైన వెలుతురుకు వాళ్ళ కంటిపాప మామూలుగానే ముడుచుకుంది, ఊహించిన వెలుతురుకు మాత్రం కదలలేదు. కష్టపడి ఊహించడానికి ప్రయత్నిస్తున్నారని వేరే గుర్తుల వల్ల తెలిసింది. ప్రయత్నం ఉంది, బొమ్మ లేదు.

ఇది లోపం కాదు. కంప్యూటర్ బొమ్మలతో సినిమాలు తీసిన పిక్సార్ స్థాపకుల్లో ఒకరైన ఎడ్ క్యాట్మల్‌కు మనసులో బొమ్మలు రావు. 'లిటిల్ మర్మెయిడ్'లో ఏరియల్ పాత్రను గీసిన గ్లెన్ కీన్‌కు కూడా రావు. ఆయన కాగితం మీద గీస్తూ గీస్తూ పాత్రను కనుక్కుంటాడు. బాతును గీశాకే కుందేలు కనబడ్డవాళ్ళు గుర్తున్నారు కదా.

నాకు దిగులు కలిగించేది బడిలో ఉంది. 'కళ్ళు మూసుకుని సముద్రాన్ని ఊహించుకోండి పిల్లలూ' అని టీచరు అన్నప్పుడు, ఏమీ కనబడని పిల్ల పక్కవాళ్ళను చూసి కనబడినట్టు తలూపుతుంది. తనకు తెలివి తక్కువనుకుంటుంది. ఆ పిల్లకు సముద్రం గురించి అన్నీ తెలుసు. ఎటు నుంచి అల వస్తుందో, కాలి కింద ఇసుక ఎలా జారుతుందో చెప్పగలదు. ఆ పిల్లకు అర్థమయ్యే మాట 'చూడు' కాదు, 'చెప్పు', 'గీయి'.

మళ్ళీ ఆ మెట్ల దగ్గరికి వస్తాను. ముఖాన్ని ముఖంగా పిలవకండమ్మా, ఒక రోజును పిలిచి చూడండి, ఒక చోట నిలబడి చూడండి అన్నాను ఆవిడతో. మిలన్ కూడలి కథ అప్పుడు నా మనసులో ఉంది. ఆవిడ మెట్టు మీద కూర్చున్నారు. చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. వాచ్‌మన్ హాల్లో ఫ్యాన్లు ఒక్కొక్కటే ఆపుతున్నాడు.

"మా వీధరుగు," అన్నారు. "సాయంత్రం. ఇప్పుడే పొలం నుంచి వచ్చారు. వేపచెట్టు దగ్గర సైకిలుకు స్టాండు వేస్తున్నారు. హ్యాండిలుకు సంచి తగిలించి ఉంది. సంచిలో వంకాయలు." ఇంకొంచెం ఆగారు. "ముఖం ఇంకా ఇటు తిప్పలేదు బాబూ."